చిత్రముల వెల – చిత్రకారుల పేరు

నల్లమల అడవుల నడుమ శ్రీశైలమునకు పోయినవారు మల్లికార్జునస్వామి దేవాలయ ప్రాకారమును చూడక రారు. విజయనగర కాలమునాటి ఆ ఎత్తైన రాతిగోడ మీద వరుసలు వరుసలుగా ఏనుగులు, గుఱ్ఱములు, వేటగాండ్రు, యోధులు, మునులు, పురాణ గాథలు చెక్కబడియున్నవి. గోడ వెంబడి నెమ్మదిగా నడచినచో అది ఒక పెద్ద బొమ్మల పుస్తకమువలె తోచును. కాని ఆ బొమ్మలు చెక్కిన చేతులు ఎవరివి? ఏ ఊరివారు? ఏ కూలికి పనిచేసిరి? యాత్రికులలో ఆ ప్రశ్న అడుగువారు అరుదు. అడిగినను పేరు చెప్పగలవారు లేరు.

ఈ మాట మనసునందుంచుకొని, ప్రపంచములో మిక్కిలి ఎక్కువ ధర పలికిన చిత్రముల సంగతి కొంచెము తెలిసికొందము.

2017 నవంబరు 15వ తేదీన న్యూయార్కులో క్రిస్టీస్ వారి వేలంపాటలో ఒక క్రీస్తు చిత్రము 45 కోట్ల 3 లక్షల డాలర్లకు అమ్ముడైనది. ఆనాటి మారకము ప్రకారము అది 2,900 కోట్ల రూపాయలకు పైమాట. వేలములో మరి ఏ చిత్రమునకును అంతకుముందు అంత ధర రాలేదు. దాని పేరు ‘సాల్వతోర్ ముంది’, అనగా లోకరక్షకుడు. కుడిచేయి ఆశీర్వదించుచుండగా ఎడమచేత స్ఫటికపు గోళము ధరించిన క్రీస్తు రూపమది. వాల్‌నట్ కొయ్యపలక మీద వేసిన ఈ చిత్రము ఇటలీ దేశపు మహా చిత్రకారుడు లియొనార్డో డా విన్సీదని అమ్మినవారు చెప్పిరి. అందులో ఆయన చేయి ఎంత, శిష్యుల చేయి ఎంత అని పండితులు నేటికిని వాదించుచున్నారు.

ఇదే చిత్రము 1958లో లండనులో 45 పౌనులకు అమ్ముడైనది! అప్పుడు దానిని లియొనార్డో శిష్యుని పనిగా ఎంచిరి. 2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరములో పదివేల డాలర్లకు లోపుగానే చేతులు మారినది. మీద పూసిన పాత రంగులను తొలగించి, బాగుచేసి, పరీక్షించిన పిమ్మట గురువు పేరు చేరినది. ఆ పేరుతోనే వెల ఆకాశమునంటినది. కొయ్యపలక అదే, రూపమదే. మారినది పేరు!

వెల పెరిగినంత మాత్రమున చిత్రకారుని బ్రతుకు బాగుపడినదని అనుకొనరాదు. విన్సెంట్ వాన్‌గో హాలెండు దేశములో ఒక పాదిరిగారి కుమారుడు. కొంతకాలము తానును బెల్జియము బొగ్గుగనుల కార్మికుల మధ్య సువార్తికుడుగా పనిచేసెను. తరువాత కుంచె పట్టెను. తమ్ముడు తియో పంపిన డబ్బుతోనే బ్రతికెను. 1890లో తన 37వ యేట మరణించునాటికి ఆయన చిత్రములలో అమ్ముడైనవి బహు స్వల్పము. సరిగా నూరేండ్ల తరువాత 1990లో, ఆయన వేసిన డాక్టరు గాషే చిత్రము 8 కోట్ల 25 లక్షల డాలర్లు పలికినది. అందులో ఒక్క కాసైనను ఆ నిరుపేదకు చేరునా?

మన దేశపు సంగతికి వత్తము. ఎం. ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా ప్రకటనల బోర్డులకు రంగులు వేసి పైకి వచ్చినవారు. హైదరాబాదుతో ఆయనకు చాలా అనుబంధము. ఆయన 1954లో వేసిన ‘గ్రామయాత్ర’ను ఢిల్లీలో ఉన్న ఒక నార్వే దేశపు వైద్యుడు కొనెను. అది కడకు ఓస్లో నగరములోని ఆసుపత్రికి చేరి, దశాబ్దములపాటు అక్కడనే ఉండిపోయినది. మన పల్లె బ్రతుకును చూపు ఆ పటమును 2025 మార్చిలో న్యూయార్కులో వేలము వేయగా సుమారు 118 కోట్ల రూపాయలు వచ్చినవి. ఆధునిక భారతీయ చిత్రమునకు వేలములో అప్పటికి అదే అత్యధిక ధర. ఆ సొమ్ము వైద్యుల శిక్షణకు వినియోగింతుమని ప్రకటించిరి. అయితే హుస్సేన్ 2011లోనే కన్నుమూసిరి.

మన తెలుగువారిలో దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరమున పుట్టెను. అక్కడి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆ బాలుని చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపెను. 1925లో మశూచి సోకి, ఇరువది యెనిమిదేండ్లు నిండకుండనే రామారావు గతించెను. ఆయన చిత్రములు కోట్లు పలుకలేదు. కాని భార్య సత్యవాణిగారును మిత్రులును వాటిని చెదరనీయక కాపాడిరి. అందుచేతనే అవి నేటికిని రాజమహేంద్రవరములోని ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నవి, ఆయన పేరును మిగిలినది. ఏ కోటీశ్వరుడును కొనిపెట్టలేని భాగ్యమది.

కనుక వెల అనునది కొనువారి పోటీని తెలుపును. చేసినవాని కష్టమును తెలుపదు. చేసినవానికి మనము చెల్లింపగల బాకీ రెండే: పనిని కాపాడుట, పేరును నిలుపుట.

శ్రీశైలపు గోడ చెక్కినవారి పేర్లు మనకు దక్కలేదు. లేపాక్షి పైకప్పుకు రంగులు వేయించిన విరూపణ్ణ పేరు అందరికి తెలియును, కుంచె పట్టినవారి పేర్లు ఎవరి నోటను వినబడవు. రాయలసీమలో మన గుడులలో, బడులలో, ఇండ్లలో పాత పటములు, చెక్కిన కొయ్యపనులు ఇంకను ఉన్నవి. సున్నము వేయునాడు వాటిని మూలకు త్రోయకుడు. వేసినవారెవరో, చేసినవారెవరో తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి, పటము వెనుక ఆ పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసియుంచుడి. దానికి అయ్యే ఖర్చు ఒక పెన్సిలు మాత్రమే.