పేరు నుండి చిరునామాకు: భారత వ్యాపార చిహ్న న్యాయ చరిత్రలో సిఫీ తీర్పు

కీలక పదాలు: వ్యాపార చిహ్నం, డొమైన్ నామం, పాసింగ్ ఆఫ్, గుడ్‌విల్, సత్యం ఇన్ఫోవే, భౌగోళిక సూచిక.

1. ప్రవేశిక

వర్తకుడికి దుకాణం కంటే పేరే పెద్ద పెట్టుబడి. కొనుగోలుదారు ప్రతిసారీ సరుకును పరీక్షించి కొనలేడు. మునుపటి అనుభవాన్ని గుర్తుచేసే పేరును నమ్మి కొంటాడు. ఆ నమ్మకాన్ని మరొకరు సొమ్ము చేసుకోకుండా కాపాడేదే వ్యాపార చిహ్న న్యాయం. అంతర్జాలం వచ్చిన తరువాత పేరు బోర్డు మీది అక్షరాలుగానే మిగలలేదు, దుకాణానికి దారి చూపే చిరునామా కూడా అయింది. ఈ మార్పును ప్రత్యేక శాసనం లేకుండానే భారతీయ న్యాయస్థానాలు ఎలా ఎదుర్కొన్నాయో, 2004 మే 6న సుప్రీంకోర్టు ఇచ్చిన సత్యం ఇన్ఫోవే - సిఫీనెట్ సొల్యూషన్స్ తీర్పు కేంద్రంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పూర్వరంగం

తన సరుకును ఎదుటివాని సరుకుగా నమ్మించి అమ్మరాదన్నది ఇంగ్లండులో 1842 నాటి పెర్రీ - ట్రూఫిట్ వ్యాజ్యంలోనే వ్యక్తమైన సూత్రం. ‘పాసింగ్ ఆఫ్’ అనే ఈ న్యాయం చట్టసభ చేసింది కాదు, తీర్పుల ద్వారా ఎదిగింది. భారతదేశంలో చిహ్నాల నమోదుకు 1940లో తొలి కేంద్ర శాసనం వచ్చింది. 1958 చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది. ఈ రెండూ సరుకులకు సంబంధించిన చిహ్నాలనే నమోదు చేశాయి. సేవలకు నమోదు అవకాశం 1999 చట్టంతో గానీ రాలేదు. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. అంటే మన దేశంలో అంతర్జాల వ్యాపారం మొదలైన తొలి సంవత్సరాలలో, సేవలందించే సంస్థకు తన పేరును కాపాడుకోవడానికి మిగిలిన ప్రధాన ఆధారం పాసింగ్ ఆఫ్ ఒక్కటే.

3. యాహూ వ్యాజ్యం

ఆ ఆధారానికి 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టులో తొలి పరీక్ష ఎదురైంది. యాహూ పేరుకు ‘ఇండియా’ చేర్చి మరొకరు డొమైన్ నమోదు చేసుకోగా ఆ అమెరికా సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ‘యాహూ’ నిఘంటువులో ఉన్న పదమని, చట్టం సరుకులకే గాని సేవలకు వర్తించదని, అంతర్జాలం వాడేవారు చదువుకున్నవారు కనుక పొరబడరని ప్రతివాది వాదించాడు. న్యాయస్థానం ఈ వాదాలను అంగీకరించక తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చింది. పాత సూత్రం కొత్త మాధ్యమానికి వర్తించడం ఇక్కడ మొదలైంది. అయితే అది ఒక హైకోర్టు అభిప్రాయమే. దేశమంతటికీ కట్టుబాటు కావడానికి మరో ఐదేళ్లు పట్టింది.

4. సిఫీ తీర్పు

హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌కు అనుబంధంగా ఏర్పడిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలను కలిపి ‘సిఫీ’ అనే కొత్త పదాన్ని కల్పించుకుంది. 1999 జూన్‌లో ఆ పదంతో పలు డొమైన్ నామాలను నమోదు చేసుకుంది. అంతర్జాల మార్కెటింగ్ చేసే ప్రతివాది సంస్థ 2001 నుండి ఒక్క ‘ఎఫ్’ అక్షరం అదనంగా ఉన్న పేరుతో డొమైన్లు పొందింది. తమ వ్యవస్థాపకుల పేర్లలోని తొలి అక్షరాల నుండి ఆ పదం వచ్చిందని వివరించింది.

బెంగళూరు సిటీ సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు దానిని తోసిపుచ్చింది: ఇరువురి వ్యాపారాలు వేరు, నిషేధం వల్ల ప్రతివాదికే ఎక్కువ నష్టం అన్నది దాని దృష్టి. సుప్రీంకోర్టు మళ్ళీ కింది కోర్టు ఉత్తర్వునే నిలబెట్టింది. జస్టిస్ రుమా పాల్ రాసిన ఈ తీర్పులో మూడు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది, డొమైన్ నామం కంప్యూటర్‌కు చిరునామా మాత్రమే కాదు, వ్యాపారాన్ని గుర్తించే చిహ్నం కూడా. రెండవది, చిహ్నానికి దేశ సరిహద్దులున్నా డొమైన్‌కు లేవు. అందువల్ల దేశీయ చట్టం దానికి సంపూర్ణ రక్షణ ఇవ్వలేకపోవచ్చు. అయినా ఉన్నంతలో పాసింగ్ ఆఫ్ సూత్రం వర్తిస్తుంది. మూడవది, డొమైన్‌ను నమోదు చేసుకున్నంత మాత్రాన హక్కు తిరుగులేనిది కాదు. ముందుగా వాడి పేరు తెచ్చుకున్నదెవరన్నదే ప్రధానం. పదం పుట్టుక గురించి ప్రతివాది ఇచ్చిన వివరణను న్యాయస్థానం నమ్మలేదు.

5. తీర్పు పరిధి, పరిమితులు

యాహూ, సిఫీ - ఈ రెండు నిర్ణయాలూ తాత్కాలిక నిషేధాజ్ఞ దశలో వెలువడ్డవే. సాక్షులను విచారించి, ఆధారాలను పరీక్షించి ఇచ్చిన తుది తీర్పులు కావు. ఆ దశలోనే పేరును వదులుకోవలసి వచ్చిన చిన్న సంస్థ కొత్త పేరుతో వ్యాపారం మొదలుపెట్టక తప్పదు. ఆ తరువాత తుది విచారణలో గెలిచినా ఆ పేరుతో దానికి పెద్దగా పని ఉండదు. కర్ణాటక హైకోర్టు చూపిన జాగ్రత్తను ఈ కోణంలో పూర్తిగా తోసిపుచ్చలేము.

వివాదం రూపం కూడా మారుతూ వచ్చింది. ఇప్పుడు పోటీదారు పేరును డొమైన్‌లో పెట్టుకోనవసరం లేదు. వెతుకుడు యంత్రంలో ఆ పేరును కీవర్డ్‌గా కొనుక్కుంటే తన ప్రకటన కనిపిస్తుంది. 2023 ఆగస్టులో గూగుల్ - డి.ఆర్.ఎస్. లాజిస్టిక్స్ అప్పీళ్లలో ఢిల్లీ హైకోర్టు, అటువంటి వాడుక చిహ్నాన్ని వాడటమేనని, అయితే గందరగోళం వంటి అంశాలు లేనప్పుడు అదొక్కటే ఉల్లంఘన కాదని తేల్చింది. కొలమానం మాత్రం పాతదే: కొనుగోలుదారు మోసపోతున్నాడా?

ఇంకొక ప్రశ్న మిగిలింది. ‘సిఫీ’ ఒక సంస్థ కల్పించుకున్న పదం. ‘పోచంపల్లి’ అటువంటిది కాదు. తరాల నేతపనితో పేరుపొందిన ఊరు. ఒక ఊరి నేతగాళ్లందరిదైన పేరును ఏ ఒక్కరి చిహ్నంగానో ఇముడ్చలేము. అందుకే భౌగోళిక సూచికల చట్టం వేరుగా వచ్చింది. అదీ 2003 సెప్టెంబరు 15నే అమలులోకి రావడం విశేషం. పోచంపల్లి ఇకత్ ఆ చట్టం కింద తొలినాళ్లలోనే నమోదైంది. అయినా తెరపై బొమ్మ చూసి చీర కొనేవారికి మగ్గం నేతకూ మిల్లు ముద్రణకూ తేడా చేతితో తాకి తెలుసుకునే వీలు లేదు. పేరు మీద ఆధారపడక తప్పని కొనుగోలుదారు అతడే.

6. ముగింపు

సత్యం కంప్యూటర్స్ ప్రతిష్ఠ 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడటంతో కూలింది; 2013లో ఆ సంస్థ టెక్ మహీంద్రాలో విలీనమైంది. దాని అక్షరాలతో పుట్టిన ‘సిఫీ’ పేరు మాత్రం నిలిచింది. న్యాయస్థానం పేరును ఇతరుల నుండి కాపాడగలదు గాని, యజమాని నుండి కాపాడలేదు. 1842 నాటి సూత్రం 2004లోనూ పనిచేయడానికి కారణం అది యజమాని ఆస్తితో పాటు కొనుగోలుదారు నమ్మకాన్నీ లెక్కలోకి తీసుకోవడమే. డిజిటల్ విపణిలో రాబోయే వివాదాలను ఆ నమ్మకం వైపు నుండి చూసినప్పుడే చిన్న వర్తకుడికీ, నేతగాడికీ కూడా ఈ న్యాయంలో చోటు దక్కుతుంది.