కాల్ సెంటర్ నాణ్యతా మదింపు పట్టిక

కాల్ సెంటర్ నాణ్యతా మదింపు పట్టిక (వాడుకలో క్వాలిటీ స్కోర్‌కార్డ్) అనగా టెలిఫోన్ ద్వారా సేవలందించే కేంద్రాలలో ఉద్యోగి జరిపిన సంభాషణను రికార్డింగు విని, ముందుగా నిర్ణయించిన అంశాల వారీగా మార్కులు వేయుటకు ఉపయోగించే పత్రము. బ్యాంకులు, టెలిఫోన్ సంస్థలు మొదలుకొని అత్యవసర వైద్యసేవల వరకు దీని వాడుక ఉన్నది. ఖాతాదారుల సేవాకేంద్రాలకు సంబంధించి 2017లో ఐ.ఎస్.ఓ. 18295 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడినది.

నేపథ్యం

హైదరాబాదు ఉత్తర శివార్లలో, మేడ్చల్, శామీర్‌పేటల ప్రాంతంలోని దేవరయాంజాల్‌లో 108 అత్యవసర సేవలను నిర్వహించే ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ ప్రాంగణం ఉన్నది. 2005లో స్థాపించబడిన ఈ సంస్థ అదే సంవత్సరం ఆగష్టు 15న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవను ప్రారంభించినది. 2009లో జి.వి.కె. సంస్థ దీని నిర్వహణను చేపట్టినది. తరువాతి కాలంలో దీని పేరు ఇ.ఎం.ఆర్.ఐ. గ్రీన్ హెల్త్ సర్వీసెస్‌గా మారినది.

108కు వచ్చిన కాల్‌ను ముందుగా కమ్యూనికేషన్ ఆఫీసర్ స్వీకరించి వివరాలు నమోదు చేస్తారు. డిస్పాచ్ ఆఫీసర్ దగ్గరలోని అంబులెన్సును పంపుతారు. అంబులెన్సులో ఇ.ఎం.టి. అనబడే వైద్య సహాయకుడు, పైలట్ అని పిలువబడే డ్రైవరు ఉంటారు. కాబట్టి తొలి సంభాషణలో దొర్లిన పొరపాటు ఆ తరువాతి పనులన్నిటినీ ప్రభావితం చేస్తుంది.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో డాక్టర్ జెఫ్ క్లాసన్ 1970వ దశకం చివరలో అత్యవసర కాల్స్‌లో అడుగవలసిన ప్రశ్నలను ఒక క్రమపద్ధతిలో రూపొందించెను. ప్రశ్నలు నిర్ణీతమైనప్పుడే వాటిని అడిగారా లేదా అని అందరికీ ఒకే విధంగా పరిశీలించుట సాధ్యమగును.

పట్టిక తయారీ

పట్టిక తయారీలో మొదటి ప్రశ్న: ఈ సంభాషణ వలన నెరవేరవలసిన పని ఏమిటి? దానిని బట్టి అంశాలను, వాటి విలువలను నిర్ణయించవలెను. అత్యవసర సేవకు ఒక నమూనా ఈ విధంగా ఉండవచ్చును (ఇది వివరణ కొరకే, ఏ సంస్థ వాడుకలోనిదీ కాదు):

* చిరునామా నిర్ధారణ (గ్రామం, మండలం, గుర్తు, ఒక్కొక్కదానికి 10) – 30
* రోగి పరిస్థితి తెలుసుకొనుట – 25
* డిస్పాచ్ విభాగానికి సక్రమంగా అందజేయుట – 15
* అంబులెన్సు వచ్చులోగా చేయవలసినవి చెప్పుట – 15
* మాటతీరు, ఓర్పు – 10
* కంప్యూటరులో నమోదు – 5

ప్రతి అంశమూ వినగానే "అవును", "కాదు" అని తేల్చగలిగేదిగా ఉండవలెను. "బాగా మాట్లాడెను" అనుట కంటె "చిరునామాను తిరిగి చదివి వినిపించెను" అనుట మేలు.

మొత్తం మార్కులతో వచ్చే చిక్కు

పై నమూనాలో ఒక ఉద్యోగి మర్యాదగా పలకరించక, విసుగ్గా మాట్లాడి 10 మార్కులు కోల్పోయినాడనుకొందాము. మరొకరు ఎంతో మర్యాదగా మాట్లాడి, మండలం పేరు అడుగక 10 కోల్పోయినాడు. ఇద్దరికీ వచ్చినవి 90 మార్కులే. కాని నాగారం అనే పేరుగల ఊరు మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలోనూ ఉన్నది, సూర్యాపేట జిల్లాలోనూ ఉన్నది. రెండవ సందర్భంలో అంబులెన్సు వేరే ఊరికి వెళ్ళే ప్రమాదము కలదు.

అందువలన కొన్ని దోషాలను మార్కుల లెక్కకు బయట ఉంచుతారు. వీటిని ఫేటల్ ఎర్రర్లు అంటారు. ఇందులో ఏ ఒక్కటి జరిగినా ఆ కాల్‌కు సున్నా వేస్తారు. అయితే ఇటువంటివి నాలుగైదుకు మించరాదు. చిన్న పొరపాట్లను కూడా ఈ జాబితాలో చేర్చినచో ఉద్యోగి పట్టికను చూసి భయపడునే కాని, నేర్చుకొనడు.

కాల్స్ ఎంపిక

వందలాది కాల్స్‌లో నెలకు అయిదింటిని మాత్రమే వినుట అనేక చోట్ల ఆనవాయితీ. నూటికి ఒకసారి జరిగే దోషం అయిదు కాల్స్‌లో అసలు కనబడకపోవుటకు అవకాశం సుమారు 95 శాతం. కనుక యాదృచ్ఛికంగా తీసిన కాల్స్‌తో పాటు ఫిర్యాదులు వచ్చినవి, వాహనం ఆలస్యమైనవి, మధ్యలో తెగిపోయినవి ప్రత్యేకంగా వినవలెను. ఈ రెండు రకాల మార్కులను కలిపి సగటు తీయరాదు. తీసినచో కష్టమైన కాల్స్ వచ్చిన ఉద్యోగికి అన్యాయము జరుగును.

మదింపుదారుల మధ్య ఏకీభావం

పరీక్షా పత్రాలను ఇద్దరు దిద్దినప్పుడు మార్కులు తేడా వచ్చినట్లే, ఇక్కడ కూడా వచ్చును. దీనిని సరిచేయుటకు మదింపుదారులందరూ ఒకే కాల్‌ను విడివిడిగా విని, మార్కులు వేసి, తరువాత చర్చిస్తారు. దీనిని కాలిబ్రేషన్ అంటారు. చర్చకు ముందే మార్కులు వేయుట ముఖ్యము; లేనిచో పెద్దవారి మాటకు మిగిలినవారు తలయూపుదురు.

ఏకీభావ శాతము ఒక్కటే చాలదు. ఇద్దరు మదింపుదారులు నూటికి 90 కాల్స్‌కు "సరే" అని వినకుండానే వ్రాసినను, సుమారు 82 కాల్స్‌లో వారి తీర్పులు కలియును. ఈ యాదృచ్ఛిక భాగాన్ని తీసివేసి లెక్కించుటకు జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా అనే కొలతను వాడుతారు. పై ఉదాహరణలో కప్పా విలువ సున్నా.

పరిమితులు

* సంభాషణ కాలవ్యవధి తగ్గింపునకు మార్కులు ఇచ్చినచో ఉద్యోగి తొందరపడి ప్రశ్నలు వదలివేయును.
* ఆదుర్దాలో ఉన్నవారు తమ యాసలో, తమ మాటలలో చెప్పుకొందురు. నిర్ణీత వాక్యాలు పలికించుటకే మార్కులు కేటాయించినచో వినుట వెనుకబడును.
* ఆకతాయి కాల్స్ వలన కలిగే విసుగు ఆ వెంటనే వచ్చే నిజమైన కాల్‌పై పడును. దీనికి ఉద్యోగిని మాత్రమే బాధ్యుని చేయరాదు.
* రికార్డింగులలో రోగుల ఆరోగ్య వివరాలుండును. వ్యక్తిగత సమాచార రక్షణకు భారతదేశంలో 2023లో చట్టము చేయబడినది.

మార్కులను జీతానికి ముడిపెట్టుటకు ముందు ఉద్యోగికి తన కాల్‌ను తాను వినే అవకాశము, మార్కులపై పునఃపరిశీలన కోరే హక్కు ఇచ్చుట న్యాయమని ఈ రంగంలో సాధారణ అభిప్రాయము.

ఇవి కూడా చూడండి

* 108 అత్యవసర సేవ
* మేడ్చల్
* శామీర్‌పేట