సత్ప్రవర్తన సాక్ష్యం (అమెరికా అంతర్యుద్ధ పింఛన్లు)

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) ఉత్తరాది పక్షాన పోరాడి అశక్తులైన సైనికులు పింఛను కోసం తమ నడవడిపై ఇప్పించిన వాంగ్మూలాలు. 1862 చట్టం కింద గాయమో జబ్బో కొలువులోనే వచ్చిందని రుజువు చేయాలి. 1890 చట్టం ఆ షరతు ఎత్తేసింది. 90 రోజుల సేవ, మచ్చలేని విడుదల, ఒళ్లు వంచి పనిచేయలేని స్థితి ఉంటే నెలకు 6 నుంచి 12 డాలర్లు. మెలిక ఒకటే: ఆ అశక్తత దుర్వ్యసనాల వల్ల రాకూడదు. దుర్వ్యసనాలంటే ముఖ్యంగా తాగుడు, సుఖవ్యాధులు. కీళ్లవాతం, గుండెజబ్బు వంటి మామూలు ఫిర్యాదులకూ ఈ ప్రశ్న ఎదురయ్యేది. అందుకే ఇరుగుపొరుగు, తోటి సైనికులు, వైద్యులు 'ఇతడు తాగుబోతు కాడు' అని ప్రమాణం చేసేవారు. అనుమానం వస్తే ప్రత్యేక విచారణాధికారి ఊరికొచ్చి సాక్షుల పరపతినీ తూచేవాడు. బానిసత్వం నుంచి వచ్చిన నల్లజాతి సైనికుల్లో చాలామందికి పుట్టుక, పెళ్లి పత్రాలు ఉండేవి కావు. నోటిమాటే ఆధారం, దాన్నీ అధికారులు తేలిగ్గా నమ్మేవారు కాదు. పింఛను అందుకునే సైనిక వితంతువులపై నిఘా ఇంకా కటువు: 1882 చట్టం ప్రకారం పరపురుషుడితో బాహాటంగా కాపురం చేస్తే పింఛను రద్దయ్యేది.