టోకమాక్ ప్లాస్మాపై అయస్కాంత విక్షోభం: హాని ఎప్పుడు, మేలు ఎప్పుడు

సూరత్ నగర దక్షిణ భాగంలోని పాండేసర పారిశ్రామిక వాడలో అద్దకం, ముద్రణ మిల్లులకు ఆవిరే ప్రాణం. ఆ ఆవిరి కోసం బాయిలర్లు నేటికీ బొగ్గు మీద ఆధారపడుతున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడిన ఈ నగరానికి, బొగ్గు అక్కరలేని మరొక ఉష్ణ మూలంతోనూ సంబంధం ఉంది. ఫ్రాన్స్‌లోని కదరాష్ వద్ద నిర్మాణంలో ఉన్న ఇటర్ సంలీన యంత్రానికి బాహ్య కవచమైన క్రయోస్టాట్ భాగాలు సూరత్‌కు పశ్చిమాన, హజీరాలోని లార్సెన్ అండ్ టూబ్రో కర్మాగారంలో రూపుదిద్దుకున్నాయి. సుమారు 3,850 టన్నుల ఆ ఉక్కు పాత్ర 54 భాగాలుగా ఓడలపై తరలింది. దాని అడుగు భాగాన్ని 2020 మే నెలలో యంత్రపు గుంతలోకి దించారు.

ఆ కవచం లోపల, 15 కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రతకు చేరవలసిన ప్లాస్మాను పట్టి ఉంచేది అయస్కాంత క్షేత్రం మాత్రమే. టోకమాక్ ఆకారం గారెను పోలి ఉంటుంది. గారె లోపల ఉల్లిపొరల వలె ఒకదానిలో ఒకటి ఒదిగిన అయస్కాంత తలాలు ఉంటాయి. ప్రతి తలంపైనా క్షేత్ర రేఖలు బాబిన్‌పై దారం వలె మెలి తిరుగుతూ సాగుతాయి. చాలా తలాలపై రేఖ ఎన్ని చుట్లు తిరిగినా మొదలైన చోటికి రాదు. కొన్ని తలాలపై మాత్రం, ఉదాహరణకు గారె చుట్టూ రెండు చుట్లు పూర్తయ్యేసరికి అడ్డంగా ఒక చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే చేరుతుంది. బలహీనత అక్కడే ఉంది.

బయటి నుంచి వచ్చే స్వల్ప క్షేత్రం అదే మెలికతో సరిపోతే, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్లు దాని ప్రభావం పోగుపడుతుంది. తలం చీలి 'అయస్కాంత దీవి' ఏర్పడుతుంది. దీవి గుండా వేడి సులువుగా జారిపోతుంది. ఈ విక్షోభం ప్రధాన క్షేత్రంలో పదివేల వంతు ఉన్నా చాలు. భారీ కాయిళ్లు కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగినా అంతటి దోషం పుట్టగలదు.

అయితే ప్లాస్మా చేతులు కట్టుకొని కూర్చోదు. అది మంచి విద్యుద్వాహకం. పైగా గారె చుట్టూ వేగంగా పరిభ్రమిస్తుంది. నిశ్చలంగా ఉన్న బయటి క్షేత్రం, పరిభ్రమించే ప్లాస్మాకు నిరంతరం మారుతున్నట్లే తోస్తుంది. దానికి ఎదురుగా ప్రేరిత ప్రవాహాలు పుట్టి, విక్షోభాన్ని లోపలికి రానీయవు. ఆ పెనుగులాటలో పరిభ్రమణం నెమ్మదిస్తుంది. ఒక హద్దు దాటితే కవచం హఠాత్తుగా కూలి, దీవి పెరిగి, ప్లాస్మా గోడకు కట్టేసినట్లు ఆగిపోతుంది. దీనినే లాక్డ్ మోడ్ అంటారు. తరచు తర్వాతి అంకం విచ్ఛిత్తి: ప్రవాహమంతా మిల్లీసెకండ్లలో కుప్పకూలుతుంది. ఇటర్‌లో ఆ ప్రవాహం కోటిన్నర ఆంపియర్లు. కొన్ని పరిస్థితుల్లో ప్లాస్మా విక్షోభాన్ని అడ్డుకోకపోగా పెంచుతుంది కూడా. అందువల్ల శూన్యంలో క్షేత్రం ఎంత ఉంటుందో లెక్కగట్టి ఫలితాన్ని ఊహించడం పొరపాటు.

ఇంత హానికరమైన విక్షోభాన్నే శాస్త్రవేత్తలు కావాలని ప్రయోగించడానికి కారణం ప్లాస్మా అంచు. 1982లో జర్మనీలోని ఆస్‌డెక్స్ యంత్రంలో కనుగొన్న హెచ్ మోడ్ స్థితిలో వేడి బాగా నిలుస్తుంది గానీ, అంచున పీడనం గోడకట్టినట్లు పెరిగి, పదే పదే పేలుతుంది. ఎల్మ్ అని పిలిచే ఈ పేలుళ్లను చిన్న యంత్రాలు భరిస్తాయి. ఇటర్ స్థాయిలో అవి లోపలి గోడ లోహాన్ని కరిగించగలవు. 2004లో అమెరికాలోని డీ త్రీ డీ యంత్రంపై పరిశోధకులు అంచుకు అనునాద విక్షోభాన్ని జోడించి, పెద్ద ఎల్మ్‌లను అణచగలిగారు. అంచున వేడి, కణాలు కొద్దికొద్దిగా జారిపోయి, పీడనం పేలే స్థాయికి చేరదన్నది సారాంశం. ఆ తర్వాత దక్షిణ కొరియాలోని కేస్టార్‌లో, జర్మనీలోని ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్‌లో కూడా ఎల్మ్‌లు అణగాయి. మూల్యం లేకపోలేదు: ప్లాస్మా సాంద్రత తగ్గుతుంది, అణచివేత కొన్ని పరిమిత పరిస్థితుల్లోనే సాధ్యమవుతుంది.

భారతదేశంలో ఇటువంటి ప్రయత్నం మరో ప్రయోజనం కోసం జరిగింది. గాంధీనగర్ సమీపంలోని భాట్ వద్ద ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి పనిచేసిన ఆదిత్య టోకమాక్‌లో, వలయంలోని ఒక్క చోట స్థానిక నిలువు క్షేత్రాన్ని ప్రయోగించి, అదుపు తప్పి అతివేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లను తగ్గించగలిగారు. అటువంటి ఎలక్ట్రాన్ల పుంజం గోడను తాకితే లోహానికి రంధ్రం పడవచ్చు. ఆదిత్య తర్వాత ఆదిత్య-యు గా నవీకరణ పొందింది.

ఇటర్ రూపకల్పనలో ఈ రెండు ముఖాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. అవాంఛిత విక్షోభాన్ని సరిదిద్దేందుకు 18 అతివాహక కాయిళ్లు; కోరిన విక్షోభాన్ని సృష్టించేందుకు గది లోపలి గోడపై, వరుసకు తొమ్మిది చొప్పున మూడు వరుసల్లో 27 రాగి కాయిళ్లు. ఒకే ఇంట్లో మంట ఆర్పేవారినీ, రాజేసేవారినీ నియమించినట్లు తోచవచ్చు. ఈ 27 కాయిళ్లలో దేనికి ఎంత ప్రవాహం పంపాలో విడివిడిగా నిర్ణయించవచ్చు. విక్షోభాన్ని అంచుకే పరిమితం చేస్తూ, లోపలి తలాలను తాకకుండా దాని ఆకృతిని మలచడానికే ఆ ఏర్పాటు. 2024లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం ఇటర్‌లో పరిశోధన కార్యకలాపాలు 2034లో మొదలవుతాయి.