పర్షియన్ పిల్లి కొంటున్నారా? ముందు తల్లిని చూపించమనండి

ఇన్‌స్టాలో ఫోటో నచ్చగానే టోకెన్ డబ్బులు పంపేసి పర్షియన్ పిల్లిపిల్లను బుక్ చేసుకునేవాళ్లున్నారు. రిస్క్ అక్కడే. ఈ జాతికి పీకేడీ అనే కిడ్నీ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. కిడ్నీల్లో నీటి తిత్తులు పుట్టుకతోనే ఉన్నా, లక్షణాలు ఎక్కువగా బయటపడేది కొన్నేళ్ల తర్వాతే. అప్పటికి అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తుతారా? తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఉన్నా, ప్రతి పిల్లకూ వచ్చే ఛాన్స్ సగానికి సగం. అందుకే రెండింటి డీఎన్‌ఏ టెస్ట్ రిపోర్టులూ అడగాలి. నమ్మకమైన బ్రీడర్ అయితే రిపోర్టులిస్తారు, ఇంటికి పిలిచి తల్లి పిల్లిని చూపిస్తారు. 12 వారాలు నిండకుండా పిల్లను ఇవ్వరు. వ్యాక్సిన్ కార్డుపై డాక్టర్ సంతకం ఉందో లేదో చూసుకోవాలి. షాపులో కొంటే, 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ‘డబ్బులు వేయండి, బస్సులో పంపిస్తాం’ అంటే మాత్రం వదిలేయడమే బెటర్.