ప్రొద్దుటూరి జంటకవులు - స్వాతంత్ర్య ప్రబోధము

జనులకు హితము చెప్పు మార్గములు మూడని మమ్మటాది ఆలంకారికులు నిర్ణయించిరి. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును. పురాణము మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము కాంతవలె మనసు కరగించి త్రోవకు దెచ్చును. దేశస్వాతంత్ర్యము కొఱకు కలము పట్టిన తెలుగువారిలో ఈ మూడు తెఱగులవారును గలరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సీమల కవులు మూడవ మార్గము నవలంబించిరి. అందులకు కారణము లేకపోలేదు.

తిన్నగా మాటాడినవారికి ఏమి ప్రాప్తించెనో ముందు చూడవలెను. గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కర్నూలువారు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో తెల్లదొరల క్రౌర్యమును నిందించిన వ్యాసమునకు గాను ఆయనను చెఱసాలలో నుంచిరి. 1922లో గరిమెళ్ళ సత్యనారాయణగారు ఒక పాటకు అదే ఫలమును పొందిరి. 1870లో శిక్షాస్మృతిలో చేరిన రాజద్రోహపు సెక్షనుకు తోడు 1910లో ఒకటి, 1931లో మఱియొకటి పత్రికాశాసనములు వచ్చెను. నిషిద్ధమైన పుస్తకమును పల్లెటూరి గ్రంథాలయపు బీరువాలో నుంచుట ఎవరి తరము? కావ్యమునకు అట్టి యిబ్బంది లేదు. అది భారత భాగవతముల ప్రక్కన నిశ్చింతగా కూర్చుండును.

దుర్భాక రాజశేఖర శతావధానిగారు (1888-1957) జమ్మలమడుగున జన్మించిరి. గడియారం వేంకట శేషశాస్త్రిగారు (1894-1980) ఆ తాలూకాలోని నెమళ్ళదిన్నెవారు. ఇరువురును ప్రొద్దుటూరున స్థిరపడి, కొంతకాలము జంటగా అవధానములు చేసిరి. పిదప రాజశేఖరకవి 'రాణాప్రతాపసింహ చరిత్ర'మును, శేషశాస్త్రిగారు 'శ్రీ శివభారత'మును వేర్వేరుగా రచించిరి. ఒకే ఊర ఇద్దరు మిత్రులు ఇట్టి రెండు మహాకావ్యములను నిర్మించుట సామాన్యమైన విషయము కాదు.

వీరికి నాయకులు చిత్తూరుగఢ్, రాయగఢ్‌లలోనే దొరకవలెనా? రేనాటిలో వీరులు లేరా? ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీవారు 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిరి. ఆయన పాట జనుల నోట నేటికిని ఉన్నది. కాని ఆ కథలో శత్రువు సాక్షాత్తు ఇంగ్లీషువాడే. దానిని కావ్యముగా అచ్చొత్తించుట చెఱసాల తలుపు తట్టుట వంటిది. ప్రతాపుని గాథయో, కుంఫిణీ ఉద్యోగియైన టాడు దొర స్వయముగా 1829లో అచ్చువేయించిన రాజస్థాన చరిత్రలోనే యున్నది. దొర మెచ్చిన వీరుని మనవారు మెచ్చిన తప్పేమి? ఈ యుపాయము గడుసైనదే.

1931 జనగణన నాటికి దేశమున నూటికి పదిమందికైనను అక్షరములు రావు. అయినను పద్యము తెలిసినవాడొకడు చదువగా పదిమంది విని రసము గ్రోలుట పులివెందుల మొదలు జమ్మలమడుగు వఱకు భారతశ్రవణమువలన అలవడిన విద్యయే. హల్దీఘాటు యుద్ధము (1576) తరువాత అడవులపాలైన ప్రతాపుడు, గడ్డిగింజల రొట్టెకు బిడ్డ యేడ్చుట చూచి, అక్బరునకు సంధిలేఖ వ్రాయదలచెననియు, బికనేరు పృథ్వీరాజు పద్యములలో లేఖ పంపి ఆయన పౌరుషమును మరల రగిల్చెననియు ఐతిహ్యము. చరిత్రకారులందఱును దీనిని ఒప్పుకొనరు. ఒప్పుకొనకున్నను కథ బలము తఱుగదు. ఒక పద్యము ఒక రాజ్యమును లొంగిపోకుండ నిలిపెనని వినిన శ్రోతకు, 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెఱకేగిన తన బంధువు తలపునకు రాడా? 1666లో శివాజీ ఆగ్రానిర్బంధమునుండి తప్పించుకొనిన కథయు నట్టిదే. కవి ఇంగ్లీషువాని పేరెత్తలేదు. వినువాడు తానే ఆ పేరును పూరించుకొనెను. ధ్వని యనగా నిదియే.

అయితే ఈ మార్గమున ఒక ప్రమాదము కలదు. తానే పూరించుకొను శ్రోత తప్పుగా పూరించుకొనవచ్చును. కథలో శత్రువు మొగలాయి; ప్రొద్దుటూరున ఇరుగుపొరుగున నున్నవారు ముసల్మానులు. పరపాలనపై పుట్టవలసిన కోపము పొరుగువానిపైకి మరలినచో కావ్యము విషమగును. ఈ శంకను కొట్టివేయరాదు. దీనికి చరిత్రయే మొదటి విరుగుడు. హల్దీఘాటున అక్బరు సేనను నడపినవాడు రాజపుత్రుడైన మానసింహుడు. ప్రతాపుని పక్షమున పోరి ప్రాణములిచ్చినవాడు పఠానుడైన హకీంఖాన్ సూర్. శివాజీ కొలువున కాజీ హైదరు ఉండెను.

రెండవ విరుగుడు శేషశాస్త్రిగారి కావ్యమునందే కలదు. కల్యాణి దుర్గమును జయించిన సోనదేవుడు ఒక యవనకాంతను చెఱపట్టి తెచ్చి ప్రభువు మెప్పు పొందదలచెను. శివాజీ మెచ్చలేదు సరికదా, మండిపడెను. ఆమెను తల్లిగా భావించి, గౌరవించి, తగిన రక్షణతో ఆమె యింటికి పంపెను. విజయమునకంటె ఈ యొక్క ఘట్టముననే కవి హృదయము ఎక్కువగా కనబడుచున్నది. వీరుడు ఎవరిని గెలిచెనన్న దానికంటె, గెలిచిన పిదప ఎట్లు ప్రవర్తించెనన్నదే ఆయనకు ముఖ్యము. స్వరాజ్యము చేతికి రాకమునుపే దానిని నడపు తీరు నేర్పిన పద్యములివి.

ఆ ఘట్టమే తరువాతి కాలమున 'మాతృభావన' యను పేర పదవతరగతి తెలుగు వాచకములో చేరినది. ప్రొద్దుటూరి పాఠశాలలలో హిందూ బాలురును ముస్లిం బాలురును ఒకే బల్లపై కూర్చుండి దానిని చదివిరి.