సాఫ్ట్‌బాల్ అంపైర్ సంకేతాలు

సాఫ్ట్‌బాల్‌లో అంపైర్ తన తీర్పును ఆటగాళ్లకు, స్కోరర్‌కు, ప్రేక్షకులకు తెలిపే చేతి గుర్తులను, కేకలను అంపైర్ సంకేతాలు అంటారు. 1887లో షికాగోలో నాలుగు గోడల మధ్య పుట్టిన ఈ ఆటకు బేస్‌బాల్ మాతృక కాబట్టి చాలా సంకేతాలు రెండింటిలోనూ ఒకటే.

పిచ్ (పిచర్ విసిరిన బంతి) స్ట్రైక్ అయితే ప్లేట్ అంపైర్ కుడిచేయి ఎత్తి ‘స్ట్రైక్’ అని గట్టిగా అంటారు. బాల్ (బ్యాటర్ ఆడని, స్ట్రైక్ కాని పిచ్) అయితే నోటిమాటే, చేయి కదలదు. లెక్క చూపేటప్పుడు ఎడమచేతి వేళ్లు బాల్స్‌కు, కుడిచేతివి స్ట్రైక్‌లకు. పైకి చెప్పేటప్పుడు కూడా బాల్స్ సంఖ్యే ముందు.

ఔట్‌కు కుడి పిడికిలి ఎత్తుతారు. సేఫ్ అయితే రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు నేలవైపు ఉంచుతారు. క్రికెట్ చూసే కళ్లకు ఇది వైడ్‌లా తోస్తుంది. ఫౌల్ బాల్ ఇంకా తికమక: రెండు చేతులూ పైకి లేస్తాయి, సిక్సర్ అనుకుని చప్పట్లు కొట్టేయవచ్చు. బంతి గీత లోపల పడితే మాత్రం అంపైర్ మౌనంగా మైదానం వైపు చేయి చూపుతారు. ‘ఫెయిర్’ అని అరిస్తే ఆ గోలలో ‘ఫౌల్’ అని వినబడి ఆటగాళ్లు ఆగిపోతారు.

సాఫ్ట్‌బాల్‌లో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది ఆలస్యపు డెడ్ బాల్ సంకేతం. ఎడమచేయి పక్కకు చాచి పిడికిలి బిగిస్తారు. తప్పు చూశాను, అయినా ఆడుతూ ఉండండి అని దాని భావం. బంతి చేతిలో లేని ఫీల్డర్ రన్నర్ దారికి అడ్డువస్తే వెంటనే ఆట ఆపడం రన్నర్‌కే నష్టం కావచ్చు. అందుకే ఆ ఆట ముగిశాక, అడ్డు లేకపోతే ఆమె చేరేదని అంపైర్ భావించిన బేస్ ఇస్తారు. నిబంధనకు విరుద్ధమైన పిచ్‌కూ ఇదే గుర్తు.

ఇన్‌ఫీల్డ్ ఫ్లైకి (ఇన్‌ఫీల్డర్ తేలిగ్గా పట్టగల ఎత్తైన బంతికి) కుడిచేయి ఎత్తి, బంతి గాలిలో ఉండగానే కేక వేయాలి. ఇద్దరికంటే తక్కువమంది ఔటై, మొదటి రెండు బేస్‌లలోగానీ మూడింటిలోగానీ రన్నర్లు ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది. ఫీల్డర్ తేలికైన క్యాచ్‌ను కావాలని జారవిడిచి రన్నర్లను ఔట్ చేసే ఎత్తుగడను ఇది అడ్డుకుంటుంది. ఆ కేకతోనే బ్యాటర్ ఔటైనా బంతి ఆటలోనే ఉంటుంది; రన్నర్ పరుగెత్తాలనుకుంటే ఆ సాహసం ఆమెదే.